డీసెంట్రలైజ్డ్ కమ్యూనిటీల్లో ఓటింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

లెమ్మీ, పైఫెడ్, ఎంబిన్ అంటే రెడ్డిట్‌లాగా పోస్టులు పెట్టి ఓట్లేసుకునే సాఫ్ట్‌వేర్లు, కాకపోతే ఒకే కంపెనీ దగ్గర కాకుండా ఎవరెవరో నడిపే వేర్వేరు సర్వర్లలో నడుస్తాయి. వీటిలోకి కొత్తగా వచ్చినవాళ్ల డౌట్లు దాదాపు ఒకేలా ఉంటాయి. నేనో చిన్న కమ్యూనిటీకి మోడ్‌ని (అంటే బాగోగులు చూసే మోడరేటర్‌ని), ఇవే జవాబులు టైప్ చేసి చేసి వేళ్లు అరిగిపోయాయి, అందుకే ఇలా ఒకచోట రాసి పెడుతున్నా. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుందో అక్కడికి వెళ్లిపోండి.

## చేరకముందు వచ్చే డౌట్లు

అసలు ఇక్కడ ఓటు అంటే ఏంటి, లైక్ లాంటిదేనా?

టెక్నికల్‌గా చూస్తే అదే. ఈ సర్వర్లన్నీ మాట్లాడుకునే భాష పేరు యాక్టివిటీపబ్, 2018 జనవరిలో వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ అనే సంస్థ దీన్ని స్టాండర్డ్‌గా ప్రకటించింది. ఆ భాషలో అప్‌వోట్‌ని (పై బాణం) లైక్ అంటారు, డౌన్‌వోట్‌ని (కింది బాణం) డిస్‌లైక్ అంటారు. తేడా అంతా వాడకంలో ఉంది. ట్విట్టర్ లాంటి మాస్టోడాన్‌లో లైక్ అంటే రాసినవాళ్లకి "బావుంది" అని చెప్పడం, అంతే. లెమ్మీలో అయితే ఆ లైక్ పోస్ట్‌ని ఫీడ్‌లో పైకి తోస్తుంది, అంటే మీరు వేసే ఓటు మిగతావాళ్లు ముందు ఏం చూడాలో కొంచెం నిర్ణయిస్తుందన్నమాట.

కమ్యూనిటీ ఏ సర్వర్‌లో ఉంటే అక్కడే అకౌంట్ ఉండాలా?

అక్కర్లేదు. ఈ సర్వర్లని ఇన్‌స్టన్స్ అని కూడా అంటారు, ఏదో ఒక దాంట్లో అకౌంట్ ఉంటే చాలు, అక్కడి నుంచే వేరే సర్వర్‌లో ఉన్న కమ్యూనిటీకి ఓటెయ్యొచ్చు. రెండు సందర్భాల్లో మాత్రం కుదరదు. ఆ రెండు సర్వర్లలో ఏదైనా ఇంకోదాన్ని బ్లాక్ చేసి ఉంటే ఒకటి, ఆ కమ్యూనిటీని "లోకల్ ఓన్లీ" అని పెట్టి ఉంటే రెండోది. లోకల్ ఓన్లీ అయితే ఆ సర్వర్ వాళ్లకి తప్ప బయటివాళ్లకి అసలు కనిపించనే కనిపించదు.

నేను దేనికి ఓటేశానో ఎవరికైనా తెలుస్తుందా? సీక్రెట్ కాదా?

కాదు. ఇది మొదటిరోజే తెలుసుకోవాల్సిన విషయం, చాలామందికి ఏడాది తర్వాత తెలిసి గుండె ఝల్లుమంటుంది.

లెమ్మీలో మామూలు యూజర్లకి నంబర్ మాత్రమే కనిపిస్తుంది, పేర్లు కనిపించవు. దాంతో సీక్రెట్ బ్యాలెట్ అని మోసపోతాం. కానీ మీ ఓటు ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి వెళ్లేటప్పుడు మీ అకౌంట్ పేరుతో సహా వెళ్తుంది, లేకపోతే అవతలి సర్వర్‌కి ఇది కొత్త ఓటో, అదే మనిషి రెండోసారి నొక్కాడో ఎలా తెలుస్తుంది చెప్పండి. అంటే ఆ కమ్యూనిటీని ఫాలో అయ్యే ప్రతి సర్వర్ డేటాబేస్‌లోనూ "ఫలానా యూజర్, ఫలానా పోస్ట్, ప్లస్ ఒకటి" అని ఒక లైన్ ఉంటుంది. అడ్మిన్లకి ఆ లిస్ట్ తెరమీదే చూసే బటన్ ఉంది, మోడ్‌లకి తమ కమ్యూనిటీ వరకు ఉంది. ఎంబిన్‌లోనైతే ఇంకా ఓపెన్, అప్‌వోట్ ఎవరు వేశారో పేర్లు మామూలుగానే కనిపిస్తాయి, మీరు లెమ్మీ నుంచి వేసినా సరే. ఎవరు దేనికి ఓటేశారో వెతుక్కునే పబ్లిక్ సైట్లు కూడా వచ్చేశాయి. పైగా సొంతంగా ఒక సర్వర్ పెట్టుకుని నాలుగు కమ్యూనిటీలు ఫాలో అయితే ఆ ఓట్లన్నీ ఎవరి డేటాబేస్‌లోకైనా వచ్చి పడతాయి.

కాబట్టి మీ పేరు పక్కన రాసి గోడకి అంటించినా పర్లేదు అనుకున్న ఓటే వెయ్యండి.

ఓటు దాచుకోవడానికి దారే లేదా?

పైఫెడ్‌లో ఒకటుంది. అందులో ప్రైవేట్ ఓటింగ్ ఆన్ చేస్తే మీ అసలు అకౌంట్‌కి తోడు సంబంధంలేని పేరుతో ఒక మారు ప్రొఫైల్ తయారవుతుంది, బయటి సర్వర్లకి ఓటు ఆ పేరుమీద వెళ్తుంది. మీ సొంత సర్వర్ అడ్మిన్‌కి మాత్రం ఆ రెండూ ఒకరే అని తెలుస్తుంది. లెమ్మీలో అలాంటిది లేదు, కొందరు ఓట్లకోసమే వేరే అకౌంట్ పెట్టుకుంటారు, అది తప్పేం కాదు, రెండిటితోనూ ఒకే పోస్ట్‌కి వెయ్యనంత వరకు.

రెడ్డిట్‌లోలా కర్మ పాయింట్లు (వచ్చిన ఓట్ల మొత్తం స్కోర్) ఉంటాయా?

లెమ్మీలో ప్రొఫైల్ మీద మొత్తం స్కోర్ చూపించరు, కావాలనే. పాయింట్ల వేట మొదలైతే జనం మాట్లాడ్డం మానేసి చప్పట్ల కోసం రాయడం మొదలెడతారని వాళ్ల భయం, నా అనుభవంలో ఆ భయం నిజమే. ఎంబిన్, పైఫెడ్‌లలో మాత్రం రెప్యుటేషన్ అని ఒక లెక్క ఉంటుంది. పైఫెడ్‌లో ఇంకో తమాషా కూడా ఉంది, యాటిట్యూడ్ అని. మీకొచ్చిన ఓట్లతో దానికి పని లేదు, మీరు వేసేవాటిలో అప్‌వోట్లెన్ని, డౌన్‌వోట్లెన్ని అన్నది చూస్తుంది. పొద్దున లేస్తే డౌన్‌వోట్లు తప్ప ఇంకోటి వెయ్యనివాళ్లు అక్కడ ఇట్టే తెలిసిపోతారు.

## మొదటి ఓటు వేసేటప్పుడు

నేను బాణం నొక్కాక లోపల ఏం జరుగుతుంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ అకౌంట్ "అ" సర్వర్‌లో ఉంది. కమ్యూనిటీ "ఆ" సర్వర్‌లో ఉంది. పోస్ట్ రాసినాయన "ఇ" సర్వర్‌లో ఉన్నాడు.

మీరు నొక్కగానే ముందు "అ" తన పద్దులో రాసుకుంటుంది, అందుకే మీకు నంబర్ అప్పటికప్పుడు మారినట్టు కనిపిస్తుంది. తర్వాత "అ" ఒక లైక్ మెసేజ్ తయారుచేసి, దానిమీద డిజిటల్ సంతకం పెట్టి "ఆ" దగ్గర ఉన్న కమ్యూనిటీకి పంపుతుంది. "ఆ" సంతకం చూస్తుంది, మీరు బ్యాన్ అయ్యారా అని చూస్తుంది, అన్నీ బాగుంటే తన లెక్కలో వేసుకుని, అదే మెసేజ్‌ని ఒక కవర్లో పెట్టి ఆ కమ్యూనిటీని ఫాలో అవుతున్న సర్వర్లన్నిటికీ దండోరా వేస్తుంది. ఆ దండోరా విన్న ప్రతి సర్వర్, "ఇ"తో సహా, ఎవరి పద్దులో వాళ్లు ఒకటి కలుపుకుంటారు.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే "మొత్తం ఇంత" అని ఎవరూ ఎవరికీ చెప్పరు. ఒక్కో ఓటు విడివిడిగా ప్రయాణం చేస్తుంది, ఎవరికి ఎన్ని చేరితే వాళ్ల లెక్క అంత.

పోస్ట్ పెట్టీపెట్టగానే 1 అని ఉంది, ఎవరేశారు?

మీరే. లెమ్మీలో మీ పోస్ట్‌కీ మీ కామెంట్‌కీ మీ ఓటు ఆటోమేటిక్‌గా పడిపోతుంది. కావాలంటే బాణం మళ్లీ నొక్కి తీసెయ్యొచ్చు, ఎందుకు తీస్తారో నాకు తెలీదుగానీ తీసేవాళ్లున్నారు.

నాకు డౌన్‌వోట్ బటనే లేదు, యాప్ పాడైందా?

యాప్ బాగానే ఉంది, మీ సర్వర్ అడ్మిన్ డౌన్‌వోట్లు ఆపేసి ఉంటారు. లెమ్మీలో సర్వర్ మొత్తానికి అలాంటి సెట్టింగ్ ఉంది, బీహా అనే సర్వర్ ఇందుకు బాగా పేరున్నది. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో రాయండి, లేదా రూల్ తప్పితే రిపోర్ట్ కొట్టండి, బాణంతో పొడిచి వెళ్లిపోవద్దు అన్నది వాళ్ల పద్ధతి. అలాంటి సర్వర్‌లో ఉన్న పోస్ట్‌కి బయటి నుంచి మీరు డౌన్‌వోట్ వేస్తే మీ సర్వర్ తన లెక్కలో వేసుకుంటుంది, వాళ్ల సర్వర్ మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోదు. పైఫెడ్‌లో ఇంకొంచెం సన్నగా పెట్టుకోవచ్చు, ఒక్కో కమ్యూనిటీకి డౌన్‌వోట్ ఎవరెవరు వెయ్యొచ్చో, అందరూనా, సభ్యులేనా, సొంత సర్వర్ వాళ్లేనా అని.

పొరపాటున నొక్కాను, వెనక్కి తీసుకోవచ్చా?

అదే బాణం ఇంకోసారి నొక్కండి, ఓటు పోతుంది. ఫోన్‌లో స్క్రోల్ చేస్తూ బొటనవేలు తగిలి పడే ఓట్లు చాలానే ఉంటాయి, కంగారు పడక్కర్లేదు. లోపల ఏం జరుగుతుందంటే "ముందు పంపిన లైక్ కొట్టెయ్యి" అని ఇంకో మెసేజ్ వెళ్తుంది. అప్‌ నుంచి డౌన్‌కి మార్చినా పాతది పోయి కొత్తది పడుతుంది, ఒకే మనిషివి రెండు ఓట్లు ఉండవు. ఆ కొట్టెయ్యమన్న మెసేజ్ ఏదైనా సర్వర్‌కి చేరకపోతే మాత్రం అక్కడ మీ పాత ఓటు అలాగే ఉండిపోతుంది.

సబ్‌స్క్రైబ్ అవ్వకుండా ఓటెయ్యొచ్చా?

వెయ్యొచ్చు. అందరి పోస్టులూ కలిపి చూపించే "ఆల్" ఫీడ్‌లో తిరుగుతూ వేసేవాళ్లే ఎక్కువ. చిన్న కమ్యూనిటీలకి ఇదే పెద్ద తలనొప్పి, ఆ విషయంతో సంబంధమే లేనివాళ్లు "ఇది నా ఫీడ్‌లోకి ఎందుకొచ్చింది" అని డౌన్‌వోట్ కొట్టి పోతుంటారు. అలా అనిపిస్తే ఆ కమ్యూనిటీని బ్లాక్ చేసుకోండి బాబూ, ఇంకెప్పుడూ కనిపించదు, అవతలివాళ్లూ ప్రశాంతంగా ఉంటారు.

డౌన్‌వోట్ ఎప్పుడు వెయ్యాలి? ఒప్పుకోకపోతే వెయ్యొచ్చా?

రూల్ అంటూ ఏమీ లేదు, వేస్తే ఎవరూ పట్టుకోరు. నా వరకు అబద్ధం, స్పామ్, కమ్యూనిటీకి సంబంధం లేనిది, తిట్లు, వీటికే వేస్తా. నాతో ఏకీభవించని మంచి కామెంట్‌కి వెయ్యను, ఎందుకంటే వేస్తే అది కిందకి పోతుంది, దానికొచ్చే మంచి జవాబు కూడా దాంతోపాటే పోతుంది.

## నంబర్లు కలవనప్పుడు

ఒకే పోస్ట్‌కి ఒక సర్వర్‌లో 41, ఇంకోదాంట్లో 17 ఉంది, ఎవరైనా ఓట్లు తొక్కేస్తున్నారా?

ఈ నంబర్లు నేను ఊరికే వేసినవి కావు. ఒక సభ్యుడు సరిగ్గా ఈ రెండు స్క్రీన్‌షాట్లు పెట్టి, మోడ్‌లు కుట్ర చేస్తున్నారని పెద్ద పోస్ట్ రాశాడు. నేను రెండు ట్యాబ్‌లు పక్కపక్కన తెరిచి, మూడో ట్యాబ్‌లో కమ్యూనిటీ సొంత సర్వర్ తెరిస్తే అక్కడ 58 ఉంది. మూడు చోట్ల మూడు లెక్కలు, ఎవరూ అబద్ధం చెప్పట్లేదు.

విషయమేంటంటే 17 చూపిస్తున్న సర్వర్ నుంచి ఆ కమ్యూనిటీకి మొదటి సబ్‌స్క్రైబర్ వచ్చింది పోస్ట్ పడిన ఆరేడు గంటల తర్వాత. అప్పటిదాకా ఆ సర్వర్‌కి దండోరా వెళ్లనే లేదు, కాబట్టి ముందు పడిన ఓట్లు దానికి తెలియవు, ఆ తర్వాత పడినవే తెలుసు. 41 ఉన్న సర్వర్ మొదటి నుంచీ వింటూనే ఉంది గానీ అది ఓట్లు వేసిన కొందరి సర్వర్లని బ్లాక్ చేసి పెట్టింది, ఆ ఓట్లు దాని లెక్కలోకి రావు. అదీ కథ. ఈ రెండు కారణాలు కాక సర్వర్ మధ్యలో కాసేపు పడిపోవడం, డౌన్‌వోట్లు ఆపేసి ఉండటం, మెసేజ్‌లు క్యూలో ఇరుక్కోవడం, ఇవి కూడా మామూలే. మీకు కనిపించే నంబర్ అంటే "నా సర్వర్ చెవిన పడిన ఓట్లు" అని చదువుకోండి, సగం గొడవలు అక్కడే సద్దుమణుగుతాయి.

మరి అసలు లెక్క ఎక్కడుంటుంది?

కమ్యూనిటీ ఏ సర్వర్‌లో పుట్టిందో అక్కడ చూడండి, ఓట్లన్నీ ముందు అక్కడికే వెళ్తాయి కాబట్టి సాధారణంగా అదే నిండుగా ఉంటుంది. పోస్ట్ పక్కన రంగుల నక్షత్రంలాంటి ఫెడివర్స్ (ఇలా కలిసి మాట్లాడుకునే సర్వర్లన్నిటికీ కలిపి పేరు) గుర్తు ఉంటుంది, అది నొక్కితే పోస్ట్ అసలు కాపీకి వెళ్తారు. అది రాసినాయన సర్వర్‌కి తీసుకెళ్తుందని గుర్తుంచుకోండి, కమ్యూనిటీ సర్వర్ వేరే అయితే కమ్యూనిటీ పేరులో ఎట్ గుర్తు తర్వాత ఉన్న అడ్రస్‌కి వెళ్లి చూడాలి. అదైనా సరే దేవుడి లెక్క కాదు, వాళ్లు బ్లాక్ చేసినవాళ్ల ఓట్లు వాళ్ల దగ్గర ఉండవుగా.

కొత్తగా కనుక్కున్న కమ్యూనిటీలో పాత పోస్టులన్నిటికీ 1 ఓటే కనిపిస్తోంది, చచ్చిపోయిన కమ్యూనిటీనా?

బహుశా కాదు. మీ సర్వర్ నుంచి దాన్ని మొదట వెతికింది మీరే అయ్యుంటారు. అలా వెతికినప్పుడు మీ సర్వర్ వెళ్లి కొన్ని పోస్టులు తెచ్చుకుంటుంది, వాటికి అప్పటికే పడిన ఓట్లని తెచ్చుకోదు. ఒక్క పోస్ట్ లింక్‌ని సెర్చ్ బాక్స్‌లో పేస్ట్ చేసి లాక్కొచ్చినా అంతే, పోస్ట్ వస్తుంది, ఓట్లు రావు. సబ్‌స్క్రైబ్ అవ్వండి, ఇక మీదట పడేవన్నీ వస్తాయి.

ఓట్లు గంటలు, రోజులు లేటుగా వస్తున్నాయి, ఎందుకు?

ఎందుకంటే ఓట్లు చాలా ఎక్కువ. ఒక పోస్ట్‌కి పది కామెంట్లు వస్తే ఓట్లు వందలు వస్తాయి, ప్రతి ఓటూ ఒక్కో మెసేజ్, ప్రతి మెసేజ్ ఫాలో అయ్యే ప్రతి సర్వర్‌కీ వెళ్లాలి.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ ఆసీ.జోన్, ఆస్ట్రేలియాలో ఉన్న లెమ్మీ సర్వర్. అప్పటి లెమ్మీ ఒక్కో సర్వర్‌కి మెసేజ్‌లు ఒకదాని తర్వాత ఒకటి మాత్రమే పంపేది, ముందుదానికి "అందింది" అని జవాబు వస్తేగానీ తర్వాతది కదిలేది కాదు. యూరప్‌లో ఉన్న లెమ్మీ.వరల్డ్ నుంచి ఆస్ట్రేలియాకి వెళ్లిరావడానికి సెకనులో మూడో వంతు పడుతుందనుకోండి, సెకనుకి మూడు, గంటకి పది వేలకి కాస్త పైన, అంతకంటే ఒక్కటి కూడా ఎక్కువ పోదు. అక్కడ పడే ఓట్లు, కామెంట్లు అంతకు మించి ఉంటే మిగిలినవి క్యూలో పేరుకుంటూ పోతాయి, 2024లో అది రోజుల కొద్దీ వెనకబడింది. మెషీన్ ఎంత పెద్దదైనా లాభం లేదు, అడ్డం వచ్చింది దూరం. ఆ ఏడాది చివర్లో వచ్చిన 0.19.6 వెర్షన్‌లో ఒకేసారి చాలా మెసేజ్‌లు పంపే ఏర్పాటు పెట్టాక ఊపిరి పీల్చుకున్నారు. ఇప్పుడు లేట్ అవుతోందంటే చాలావరకు అవతలి సర్వర్ పడిపోయి లేచి బాకీ తీర్చుకుంటోందని అర్థం.

రెండు సర్వర్లు డీఫెడరేట్ అయితే, అంటే తెగతెంపులు చేసుకుంటే, ఓట్లు ఏమవుతాయి?

అప్పటిదాకా పడినవి ఎవరి దగ్గర ఉన్నవి వాళ్ల దగ్గరే ఉంటాయి. కొత్తవి దాటవు. 2023 జూన్‌లో రెడ్డిట్ తన ఏపీఐకి (బయటి యాప్‌లు డేటా తీసుకునే దారి) పెట్టిన ధరల గొడవతో జనం ఒక్కసారిగా ఇటువైపు వచ్చిపడ్డారు, ఆ రద్దీలో మోడరేషన్ తమవల్ల కావట్లేదని బీహా వాళ్లు లెమ్మీ.వరల్డ్‌నీ ఇంకో పెద్ద సర్వర్‌నీ కట్ చేశారు. తర్వాత తమాషా చూడండి, లెమ్మీ.వరల్డ్‌లో బీహా కమ్యూనిటీల పాత కాపీలు అలాగే ఉన్నాయి, జనం వాటిలో పోస్టులు పెట్టారు, ఓట్లేశారు, నంబర్లు కూడా పెరిగాయి, కానీ బీహాలో ఎవరికీ అవి కనిపించవు. ఖాళీ ఇంట్లో మీటింగ్ పెట్టుకున్నట్టు. మీ పోస్ట్‌కి మీ సర్వర్ వాళ్ల ఓట్లే వస్తున్నాయి, బయటివాళ్లవి ఒక్కటీ రావట్లేదంటే ముందు ఈ అనుమానం పడండి.

## ఫీడ్‌లో ఏది పైకి, ఏది కిందకి

100 ఓట్లున్న పోస్ట్ కిందుంది, 10 ఓట్లది పైనుంది, లెక్క తప్పా?

టైమ్ కూడా లెక్కలో ఉంది. లెమ్మీలో ఫీడ్‌ని వరసపెట్టే పద్ధతుల్లో ఒకటైన హాట్ సార్టింగ్ రెండు పనులు చేస్తుంది. స్కోర్‌కి లాగరిథమ్ తీస్తుంది, అంటే మొదటి పది ఓట్లకి ఎంత బలమో ఆ తర్వాతి వందకి దాదాపు అంతే. ఆ వచ్చినదాన్ని పోస్ట్ వయసుకి, గంటల్లో, రెండు కలిపి 1.8 ఘాతం వేసి దానితో భాగిస్తుంది. ఇప్పుడే పడి 10 ఓట్లు తెచ్చుకున్న పోస్ట్‌నీ, ఆరు గంటల క్రితం పడి 100 తెచ్చుకున్నదాన్నీ ఈ లెక్కలో పెట్టి చూస్తే కొత్తదాని ర్యాంక్ ఆరు రెట్లకు పైనే వస్తుంది. కాబట్టి పోస్ట్ పడ్డ మొదటి గంటలో వచ్చే నాలుగు ఓట్లే దాని తలరాత, రాత్రి అందరూ పడుకున్నాక పెట్టిన మంచి పోస్టులు పాపం అలాగే మునిగిపోతాయి.

యాక్టివ్, హాట్, స్కేల్డ్, కాంట్రవర్షియల్... ఏది పెట్టుకోవాలి?

నేనైతే స్కేల్డ్. ఇది 2023 డిసెంబర్‌లో లెమ్మీ 0.19 వెర్షన్‌తో వచ్చింది, హాట్ లాంటిదేగానీ చిన్న కమ్యూనిటీలకి కొంచెం ఎత్తు పీట వేస్తుంది, లేకపోతే పెద్ద కమ్యూనిటీల మీమ్‌లే పేజీ అంతా ఉంటాయి. యాక్టివ్ అయితే చివరి కామెంట్ ఎప్పుడొచ్చిందో చూస్తుంది, మాటలు నడుస్తున్న పోస్ట్ పైన ఉంటుంది, రెండు రోజులు దాటాక ఎంత కామెంట్ చేసినా పైకి రాదు. కాంట్రవర్షియల్ అంటే అప్, డౌన్ రెండూ దాదాపు సమానంగా పడినవి, బీపీ ఉన్నవాళ్లు దూరంగా ఉండండి. టాప్ సంగతి తెలిసిందే, న్యూ అంటే ఓట్లతో పనిలేకుండా కొత్తవి ముందు.

పది మంది ఉన్న కమ్యూనిటీలో నా ఒక్క ఓటు వేసినా వెయ్యకపోయినా ఒకటే కదా?

అక్కడే ఎక్కువ పని చేస్తుంది. 400 ఉన్నదాన్ని 401 చేస్తే ఫీడ్‌లో వెంట్రుక కూడా కదలదు, 1 ఉన్నదాన్ని 2 చేస్తే అది వేరేవాళ్ల కంటపడే చోటికి వస్తుంది. కొత్త పోస్టులు చూసే అలవాటున్న ముగ్గురు మనుషుల వల్ల నిలబడ్డ కమ్యూనిటీలు నేను చూశాను.

## మాస్టోడాన్, బ్లూస్కై, మిగతావి

మాస్టోడాన్ నుంచి లెమ్మీ పోస్ట్‌కి ఓటెయ్యొచ్చా? బూస్ట్ చేస్తే ఓటు పడుతుందా?

నక్షత్రం నొక్కండి, అంటే ఫేవరెట్, అది లెమ్మీ వైపు అప్‌వోట్‌గా పడుతుంది. బూస్ట్ ఓటు కింద రాదు, మీ ఫాలోయర్లకి చూపిస్తుంది అంతే. డౌన్‌వోట్ అనేది మాస్టోడాన్‌లో లేదు, కాబట్టి అక్కడి నుంచి వెయ్యలేరు. ఇంకోటి, మాస్టోడాన్ హోమ్ ఫీడ్ టైమ్ ప్రకారం నడుస్తుంది, మీరు ఎన్ని నక్షత్రాలు నొక్కినా అక్కడ వరస మారదు. ట్రెండింగ్ పేజీ మాత్రం ఫేవరెట్లూ బూస్ట్‌లూ చూస్తుంది.

మాస్టోడాన్ పోల్‌లో లెక్క అందరికీ ఒకేలా కనిపిస్తుంది, లెమ్మీ ఓట్లు ఎందుకు అలా కనిపించవు?

పోల్‌లో ఓట్లన్నీ నేరుగా పోల్ పెట్టినవాళ్ల సర్వర్‌కి వెళ్తాయి, ఆ సర్వర్ కూడి "ఇదిగో మొత్తం" అని మిగతావాళ్లకి పంపుతుంది. లెక్కపెట్టేది ఒక్కరే, అందుకే తేడా రాదు. దీనికీ ఒక మెలిక ఉంది, ఆ ఒక్క సర్వర్‌ని మీరు నమ్మాలి, ఎవరు దేనికి వేశారో ఆ సర్వర్ పద్దులో ఉంటుంది కూడా. వేసిన ఓటు మార్చుకునే వీల్లేదు, నొక్కేముందు ఒకసారి చదవండి.

బ్లూస్కైలో ఎలా?

బ్లూస్కై కూడా ట్విట్టర్ లాంటిదే, కానీ అక్కడ ప్రోటోకాల్ (సర్వర్లు మాట్లాడుకునే భాష) వేరు, ఏటీ ప్రోటోకాల్. మీ లైక్ మీ సొంత డేటా ఖజానాలో ఒక రికార్డుగా ఉంటుంది, పూర్తిగా పబ్లిక్, ఎవరైనా చదవొచ్చు. వాటన్నిటినీ ఏరి కూడే పెద్ద సర్వీస్ ఒకటి ఉంటుంది, దాన్ని యాప్‌వ్యూ అంటారు, అందరూ దాదాపు అదే యాప్‌వ్యూ వాడతారు కాబట్టి నంబర్ అందరికీ ఒకటే కనిపిస్తుంది. పోస్ట్ కింద కనిపించే డౌన్‌వోట్ లెక్క అంటూ లేదు.

నాస్టర్‌లో?

నాస్టర్ కూడా ఇలాంటి ఇంకో నెట్‌వర్క్. అక్కడ ఓటు అంటే మీ డిజిటల్ తాళంతో సంతకం పెట్టిన చిన్న మెసేజ్, ప్లస్ అని ఉంటే లైక్, మైనస్ అని ఉంటే డిస్‌లైక్. రిలేలు అనే సర్వర్లలో ఉంటాయి, మీ యాప్ ఏ రిలేలని అడిగితే వాటిలో దొరికినన్నే చూపిస్తుంది. యాప్ మారిస్తే నంబర్ మారుతుంది.

హైవ్‌లో ఓటేస్తే డబ్బులొస్తాయంటారు, నిజమా?

నిజమే, కానీ అది పూర్తిగా వేరే లోకం. హైవ్ ఒక బ్లాక్‌చెయిన్, 2020 మార్చిలో స్టీమ్ అనే ఇంకో బ్లాక్‌చెయిన్ నుంచి విడిపోయి వచ్చింది. అక్కడ మనిషికొక ఓటు కాదు, మీ దగ్గర ఎంత హైవ్ పవర్ (అక్కడ కట్టిపెట్టుకున్న టోకెన్లు) ఉంటే మీ ఓటుకి అంత బరువు. పోస్ట్ పడ్డ ఏడు రోజులకి లెక్క కట్టి వచ్చినదాంట్లో సగం రాసినవాళ్లకి, సగం ఓటేసినవాళ్లకి పంచుతారు. ఒక్కో పూర్తి ఓటుకి మీ ఓటు శక్తి 2 శాతం తగ్గుతుంది, రోజుకి 20 శాతం తిరిగొస్తుంది, అంటే రోజుకి పది పూర్తి ఓట్లు వేస్తే సరిగ్గా సరిపోతుంది. డౌన్‌వోట్ వేస్తే అవతలివాళ్లకి రావాల్సిన డబ్బు తగ్గుతుంది, దాంతో అక్కడ డౌన్‌వోట్ గొడవలు మామూలుగా ఉండవు. బరువున్నవాళ్ల ఒక్క నొక్కుడు ముందు రెండు వందల మంది చిన్నవాళ్ల ఓట్లు గాలికి పోవడం నాకు మింగుడుపడలేదు, ఓటుకి ఖర్చుంటే ఫేక్ ఓట్లు తగ్గుతాయి అనేవాళ్ల మాటలో పస లేకపోలేదు.

## గొడవలు, అనుమానాలు

ఎవరైనా సొంత సర్వర్ పెట్టి ఫేక్ ఓట్లు గుద్దితే?

గుద్దొచ్చు, ఇది నిజమైన బలహీనతే. సర్వర్ వాళ్లది కాబట్టి వంద అకౌంట్లు సృష్టించి వంద లైక్‌లు పంపడాన్ని ప్రోటోకాల్ ఆపదు. 2023 జూన్‌లో క్యాప్చా లేకుండా తలుపులు తెరిచి పెట్టిన చిన్న సర్వర్లలో బాట్ అకౌంట్లు కుప్పలుగా చేరాయి, యజమానులకే చాలా రోజులు తెలీదు. పట్టుకునేది అడ్మిన్లే. ఓట్ల లిస్ట్ తెరిస్తే ఒకే సర్వర్ నుంచి, ఎన్నడూ ఒక్క కామెంట్ రాయని అకౌంట్ల నుంచి, రెండు నిమిషాల్లో ముప్పై ఓట్లు కనిపిస్తాయి, ఇక చెప్పక్కర్లేదు. ఆ అకౌంట్లని బ్యాన్ చేస్తారు, సర్వరే అలాంటిదైతే మొత్తం కట్. ఓట్లు పూర్తిగా సీక్రెట్ చేస్తే ఈ పట్టుకోవడం కష్టమైపోతుంది, అందుకే ఓట్ల ప్రైవసీ మీద వాదన ఎప్పటికీ తెగదు.

ఒకడు నా పోస్టులన్నిటికీ వరసగా డౌన్‌వోట్ కొడుతున్నాడు, వాణ్ని బ్లాక్ చేస్తే ఆగుతుందా?

ఆగదు. బ్లాక్ చేస్తే వాడి రాతలు మీకు కనిపించవు, వాడి ఓట్లు మాత్రం పడుతూనే ఉంటాయి. మోడ్‌కి గానీ మీ అడ్మిన్‌కి గానీ మెసేజ్ పెట్టండి, ఏ పోస్టులకి ఎప్పుడు పడ్డాయో నాలుగు లింకులు ఇవ్వండి. నిజంగా ఒకే అకౌంట్ మీ ప్రొఫైల్ తెరిచి వరసబెట్టి కొట్టుకుంటూ పోతే లిస్ట్‌లో స్పష్టంగా కనిపిస్తుంది, చాలా సర్వర్లలో అది వేధింపు కిందే లెక్క. ఇలా వచ్చిన కంప్లైంట్లలో నేను చూసిన చాలావాటిలో మాత్రం ఆ "ఒకడు" ఎనిమిది మంది వేర్వేరు మనుషులు, పోస్టులే బాలేవు.

నాకు రెండు సర్వర్లలో అకౌంట్లున్నాయి, రెండిటితోనూ వేస్తే తప్పా?

తప్పే. ఒకే పోస్ట్‌కి రెండు వేస్తే చాలా చోట్ల బ్యాన్ చేస్తారు. సర్వర్ పడిపోయినప్పటి కోసం రెండో అకౌంట్ ఉంచుకోవడం మామూలే, అందరం ఉంచుకున్నాం.

కమ్యూనిటీలో బ్యాన్ అయ్యాను, ఓటు కూడా పోయినట్టేనా?

ఆ కమ్యూనిటీలో పోయినట్టే. చదవొచ్చు, ఓటు గానీ కామెంట్ గానీ తీసుకోదు. మిగతా కమ్యూనిటీల్లో మామూలుగానే వెయ్యొచ్చు.

కమ్యూనిటీ రూల్ మార్చడానికి పోస్ట్ పెట్టి అప్‌వోట్లు లెక్కపెడితే సరిపోదా?

నేను ఒకసారి అలాగే పెట్టి చేతులు కాల్చుకున్నా. పోస్ట్ "ఆల్" ఫీడ్‌లోకి ఎక్కి, కమ్యూనిటీ పేరు కూడా తెలియనివాళ్లు వచ్చి ఓటేశారు, పైగా రెండు సర్వర్లలో రెండు ఫలితాలు, ఒకదాంట్లో రూల్ నెగ్గింది, ఇంకోదాంట్లో ఓడింది, ఏది నమ్మాలి? ఇప్పుడైతే సభ్యుల్ని కామెంట్‌లో "అవును" "కాదు" అని రాయమంటా, పేరుంటుంది, కమ్యూనిటీలో వాళ్ల పాత కామెంట్లు చూడొచ్చు, గడువు ముగిశాక కమ్యూనిటీ సొంత సర్వర్‌లో చూసి చేత్తో లెక్కపెడతా.

ఇంకా సీరియస్‌గా చేసేవాళ్లు ఓటింగ్‌ని బయటికి తీసుకెళ్తారు. సోషల్.కోఆప్ అనే మాస్టోడాన్ సర్వర్ సహకార సంఘంలా నడుస్తుంది, సభ్యులు చందా కడతారు, నిర్ణయాలు లూమియో అనే టూల్‌లో తీసుకుంటారు. అందులో ఒప్పుకుంటాను, ఒప్పుకోను, తటస్థం అనడమే కాకుండా, ఇది జరిగితే సంఘానికే నష్టం అనుకుంటే "అడ్డు" అని కూడా పెట్టొచ్చు, కారణం రాయొచ్చు. బాణం గుర్తుతో అంత మాట చెప్పలేం కదా.

సర్వర్ మారితే నా ఓట్లు వెంట వస్తాయా? సర్వరే మూతపడితే?

రావు. లెమ్మీలో సెట్టింగ్స్ ఎక్స్‌పోర్ట్ చేస్తే సబ్‌స్క్రిప్షన్లు, బ్లాక్ లిస్ట్, సేవ్ చేసుకున్న పోస్టులు కొత్త అకౌంట్‌లోకి వస్తాయి, ఓట్లు పాత అకౌంట్ పేరుమీదే ఉండిపోతాయి. సర్వర్ మూతపడినా మీ ఓట్ల కాపీలు మిగతా సర్వర్ల పద్దుల్లో ఉంటాయి, నంబర్లు తగ్గవు. జర్మన్ వాళ్లు ఎక్కువగా వాడిన ఫెడ్డిట్.డీఈ 2024లో ఆగిపోయాక చాలామంది ఫెడ్డిట్.ఆర్గ్‌లో మళ్లీ మొదటి నుంచి మొదలెట్టారు, వాళ్ల పాత ఓట్లు మాత్రం వేరే సర్వర్లలో ఇప్పటికీ లెక్కలో ఉన్నాయి, వెనక్కి తీసుకుందామన్నా లాగిన్ అవ్వడానికి ఆ సర్వర్ లేదు.